ముక్కు పీట

పాత ప్లాస్టిక్కు కొనే ఆ గోడౌనులో నేలకి ఎత్తుగా కూర్చునేవాళ్ళు ఇద్దరే. షావుకారుకి కుర్చీ, పెద్దకోడలికి పీట. తక్కినవాళ్ళందరికీ నేలే గతి.

ఆ పీటకి అంత మర్యాద ఊరికే రాలేదు. ఊళ్ళో జనం పారేసిన డబ్బాలు, బొమ్మలు, గొట్టాలు, బకెట్లు, చెప్పులు అన్నీ సంచుల్లో వచ్చి అక్కడ గుట్టపడతాయి. చూడ్డానికి అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉంటాయి. కరిగించినప్పుడు గానీ దేని బుద్ధి ఏమిటో బయటపడదు. ఒక రకంలో ఇంకో రకం కలిసిందంటే పాలలో ఉప్పురాయి పడ్డట్టే. గోటితో మీటితే కొన్ని దొరికిపోతాయి, నీళ్ళలో వేస్తే ఇంకొన్ని. రెంటికీ లొంగని మొండి ముక్కలు పీట దగ్గరికి చేరతాయి. పెద్దకోడలు ముక్క అంచు కోసి, ముందున్న చిన్న దీపానికి అంటించి, ఉఫ్‌మని ఆర్పి, లేచిన పొగని ముక్కు కిందికి తెచ్చుకుని కళ్ళు మూసుకునేది. కొవ్వొత్తి వాసన వస్తే మైనం రకం, ఎడమ బుట్ట. కాలిన వెంట్రుక వాసనైతే వెనక బుట్ట. నల్లగా మసి లేచి ముక్కులో తియ్యగా తగిలితే కుడి బుట్ట. గొంతులో పుల్లగా గీరుకుందా, అది పుల్ల రకం. దాన్ని ఏ బుట్టలోనూ వెయ్యదు, గోడ అవతలికి విసిరేస్తుంది. కరిగించే మిషన్లకి పుల్ల రకమంటే యముడే. నాలుగు చెప్పు ముక్కలు కలిస్తే చాలు, బస్తా సరుకు మాడి బొగ్గవుతుంది.

పెద్ద కంపెనీల్లో ఈ పనికి మిషన్లున్నాయని ఎవరైనా అంటే షావుకారు నవ్వేసేవాడు.

"మిషనుకి కరెంటు కావాలి, రిపేరీ కావాలి, రాత్రింబవళ్ళు కాపలా కావాలి. మా ముక్కక్కకి టీ పోస్తే చాలు."

ముక్కక్క అనే పేరు ఆయన పెట్టిందే. "నా పేరు చెడగొట్టావు" అని ఆవిడ విసుక్కునేది గానీ లోపల మురిసిపోయేది. బుద్ధెరిగాక ఆవిడ గురించి జనం గొప్పగా చెప్పుకున్నది ఆ ముక్కొక్కటే. ఇంట్లో, వీధిలో అందరూ పెద్దకోడలనే అనేవారు. కోడలా అని పిలిచే అత్త పోయి చాలాకాలమైనా పేరు మాత్రం మిగిలింది. మొగుడు ఆ గోడౌనులోనే బస్తాలు మోసేవాడు. లారీ వెనక్కి వస్తుంటే చూసుకోక దాని కింద పడి పోయాడు. కడుపు నిలిచినట్టే నిలిచి జారిపోయేది, చివరికి ఆ ఆశా జారిపోయింది. మిగిలింది మరిది. సంబంధం చూసి మరిదికి పెళ్ళి చేసిందీ ఆవిడే. ఆ వచ్చిన పిల్ల చిన్నకోడలు. ఉన్నవి రెండు గదులు. వంటగది పెద్దకోడలిది, ముందుగది మొగుడూ పెళ్ళాలది. మధ్యలో తలుపు లేదు, పాత దుప్పటి వేలాడేది.

చిన్నకోడల్ని గోడౌనుకి తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుని పొగల చదువు చెప్పిందీ ఆవిడే.

"గట్టిగా పీల్చకు. పసిపిల్ల నుదురు ముద్దు పెట్టుకున్నట్టు మెల్లగా తీసుకో."

"ఈ పొగని ముద్దు పెట్టుకునే పిచ్చిది నువ్వొక్కదానివే అక్కా."

"నవ్వు, నవ్వు. రేపు నీకూ ఇదే మొగుడు."

షుగరు జబ్బు పెద్దకోడలి ఒంట్లోకి దొంగలా వచ్చింది. ముందు దాహం, తర్వాత కళ్ళ ముందు మసక, ఏమీ చెయ్యకపోయినా అలుపు. ఆవిడ అమ్మకి లేదు, నాన్నకి లేదు. ఒళ్ళు చూస్తే ఎండుకట్టె. వీధి చివర డాక్టరమ్మ రక్తం చూసి సంగతి చెప్పింది.

"మాకు తెలీకుండా చక్కెర డబ్బా ఎక్కడ దాచావక్కా?" అని గోడౌనులో వాళ్ళు ఆట పట్టించారు.

షుగరంటే నోటి జబ్బని అక్కడ అందరి నమ్మకం. పెద్దకోడలూ అదే నమ్మింది. టీలో చక్కెర మానేసింది, అన్నం సగం చేసింది, పండు ముక్క కనబడితే మొహం తిప్పుకుంది. నోటికి అంత పెద్ద తాళం వేసుకుని, ముక్కు తలుపులు మాత్రం బార్లా తెరుచుకుని రోజూ ఆ దీపం ముందు కూర్చుంది.

ఒక మధ్యాహ్నం ముక్క అంటిస్తుంటే కరిగిన బొట్టు జారి ఆవిడ కాలిమీద పడింది. ఆవిడకి తెలియలేదు. వాసన మాత్రం వచ్చింది. "వెంట్రుక రకం ఇక్కడికెలా వచ్చిందే, ఎవరు పడేశారు?" అంటూ చుట్టూ వెతికింది. బుట్టలు జరిపి చూసింది. చిన్నకోడలు కిందికి చూసి గావుకేక పెట్టింది. బొటనవేలి పక్క వేలిమీద ప్లాస్టిక్కు అంటుకుని ఇంకా పొగ లేస్తోంది. షుగరు ఆవిడ కాళ్ళలో స్పర్శని తినేసి ఎన్నాళ్ళైందో ఎవరికి తెలుసు.

పుండు మానలేదు. పెద్దాసుపత్రిలో ఆ వేలు తీసేశారు.

కట్టు మార్చడానికి వచ్చే కుర్ర డాక్టరు ఒకరోజు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏం పని చేస్తారమ్మా?"

"వాసన చూస్తాను బాబూ."

ఆయన తెల్లబోయాడు. ఆవిడ పీట గురించి, దీపం గురించి, బుట్టల గురించి వివరంగా చెప్పింది. చెప్తుంటే ఆవిడ గొంతులో గర్వం తొంగిచూసింది. ఆయన మొహంలో మాత్రం నవ్వు రాలేదు.

"చూడమ్మా, ప్లాస్టిక్కు మెత్తగా ఉండాలని కొన్ని మందులు, గట్టిగా ఉండాలని కొన్ని మందులు అందులో కలుపుతారు. వేడి తగిలితే అవి బయటికొస్తాయి. తిండిలోకి, గాలిలోకి వస్తాయి. మన ఒంట్లో చక్కెరని అదుపులో పెట్టే ఏర్పాటు ఒకటుంటుంది, దాన్ని అవి తికమక పెడతాయని చాలామంది పరిశోధన చేసి చెప్తున్నారు."

"అయితే నాకు ఈ జబ్బు ఆ పొగ వల్లే వచ్చిందా?"

"అలా ఖాయంగా చెప్పలేనమ్మా. షుగరు రావడానికి సవాలక్ష దారులున్నాయి. ఇది కూడా ఒక దారి అయుండొచ్చు. మీ ఒక్కరి విషయంలో ఏ దారిన వచ్చిందో ఎవరూ వేలుపెట్టి చూపించలేరు. కానీ ఆ పీట దిగండి. ముఖ్యంగా కడుపుతో ఉన్న ఆడవాళ్ళని ఆ దరిదాపులకి రానివ్వకండి."

పెద్దకోడలు తల ఊపింది. దిగడానికేం, ఎలాగూ దిగినట్టే అనుకుంది.

ఆసుపత్రి నుంచి కుంటుకుంటూ ఇల్లు చేరేసరికి ఆవిడ కోసం రెండు కబుర్లు కాచుకునున్నాయి. పీటమీద ఇప్పుడు చిన్నకోడలు కూర్చుంటోంది. ఆ చిన్నకోడలి కడుపులో నలుసు పడింది.

రెండో కబురు విని పెద్దకోడలు ఆ పిల్ల తల పొట్టకి ఆనించుకుని చాలాసేపు నిలబడింది. అంతలో డాక్టరు మాట గుర్తొచ్చి ఆ పిల్ల మొహం పైకెత్తింది.

"రేపట్నుంచి నువ్వు పీట ఎక్కొద్దు."

"ఎందుకక్కా?"

"ఆ పొగ మంచిది కాదంట. షుగరుకి అదొక దారంట. కడుపుతో ఉన్నవాళ్ళు దగ్గరికే రాకూడదంట. డాక్టరు చెప్పాడు."

"నీ షుగరు పొగ వల్లే వచ్చిందని చెప్పాడా?"

"ఖాయంగా చెప్పలేనన్నాడు."

"అంత చదివినాయన తెలీదన్నాడు, నువ్వు తెలుసంటావు."

మరిది బండి తోసుకుని అప్పుడే వచ్చాడు. వీధులు తిరిగి పాత సామాన్లు ఏరుకొచ్చే పని అతనిది. చెమట తుడుచుకుంటూ ఇద్దరి మధ్యా కూలబడ్డాడు.

"వదినా, నీ మాట నేనెప్పుడూ కాదనలేదు. కానీ నువ్వే ఆలోచించు. పీటమీద నీడ. మోత లేదు, వంగడం లేదు, ఎవరూ కసిరేది లేదు. కడుపుతో ఉన్న మనిషికి ఇంతకంటే సుఖమైన పని మనలాంటోళ్ళకి ఎక్కడ దొరుకుద్ది?"

నిజమే, ఆ గోడౌను మొత్తంలో అంత సుఖమైన చోటు ఇంకొకటి లేదు.

అయినా ఊరుకోలేదు. పొద్దున టీ ఇస్తూ అంది, సాయంత్రం జడ వేస్తూ అంది. చిన్నకోడలు వినీ వినీ ఒకరోజు జడ లాక్కుని లేచింది.

"నీ బాధ పొగ గురించి కాదక్కా. పీట పోయిందని. ఒప్పుకుంటే తప్పేం లేదు, నేనైనా ఏడుస్తాను."

"పీట నువ్వే ఏలుకో. పిల్ల పుట్టాక ఏలుకో."

"నీ బాధ పీట ఒక్కటే అయితే ఎప్పుడో దిగేదాన్ని. నీకు లేనిది నాకు..."

అక్కడ ఆగిపోయింది. నాలుక కరుచుకున్నా లాభం లేకపోయింది. పెద్దకోడలు దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసి చుట్టచుట్టి, దుప్పటి తొలగించుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు షావుకారు దగ్గరికెళ్ళి అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేది.

"పొగే కదా ముక్కక్కా నీ భయం? ఫ్యాను పెట్టిస్తా పో."

అన్నట్టే టేబులు ఫ్యాను తెప్పించాడు. ఫ్యాను వేస్తే దీపం ఆరిపోయింది. పక్కకి తిప్పితే పొగ పారిపోయింది. పొగ పారిపోతే వాసనెక్కడిది, వాసన లేకపోతే పనెక్కడిది. చిన్నకోడలు కాసేపు తంటాలుపడి ఫ్యాను కట్టేసింది. సాయంత్రానికి అది షావుకారు కుర్చీ పక్కకి చేరింది.

కాలు బాగా లేదు కాబట్టి పెద్దకోడలికి ఇప్పుడు బస్తాల మూతులు కుట్టే పని. పీటమీద తేలిన సరుకు బస్తాల్లోకెక్కుతుంది, ఆవిడ దబ్బనంతో మూతి కుడుతుంది, లారీ తీసుకెళ్తుంది. కూర్చున్న చోటు నుంచి పీట బాగా కనబడేది. చిన్నకోడలు కళ్ళు మూసుకుని పొగ తీసుకుంటుంటే, ఆ ఊపిరి ముక్కులోంచి గొంతులోకి, గొంతులోంచి పొట్టలోకి, అక్కడ ముడుచుకున్న పిల్ల నోట్లోకి వెళ్తున్నట్టు ఆవిడకి అనిపించేది. చూడలేక తల దించుకుంటే చెవులకి ఉఫ్, ఉఫ్ అని వినబడేది.

అడిగింది, బతిమాలింది, డాక్టరు పేరు చెప్పింది. ఇంక ఆ పిల్లని పీట దించగలిగేది ఒక్కటే. ముక్కు చెడిందంటే షావుకారే దింపేస్తాడు.

గోడ అవతల పారేసిన పుల్ల రకంలోంచి చెప్పుల పట్టీలు ఏరుకొచ్చింది. బస్తాలో సరుకు రంగుకి కలిసేవి చూసి, కత్తెరతో చిన్నచిన్న ముక్కలు చేసి, గుప్పెడు లోపలికి దోపి, దబ్బనం అందుకుంది. అన్నాళ్ళు ఏ బస్తాలో ఒక్క తప్పు ముక్క కూడా పోనివ్వని మనిషి. ఆ మూతి కుడుతుంటే దారం మూడుచోట్ల చిక్కుపడింది.

సరుకు కొనే గుళికల మేస్త్రి మండిపడుతూ వచ్చాడు. ప్లాస్టిక్కుని కరిగించి, తీగలు తీసి, తుంచి గుళికలు చేసే షెడ్డు అతనిది. మాడి నల్లబడిన ముద్ద ఒకటి తెచ్చి పీట ముందు దబ్బున పడేశాడు.

"మిషను గొంతులో ఇరుక్కుంది. గోకలేక మా వాళ్ళ చేతులు పుళ్ళయ్యాయి. ఇది మైనం రకమా? ఎవరి ముక్కమ్మా ఇది?"

చిన్నకోడలి మొహం పాలిపోయింది. షావుకారు ఆ పూటకి సర్దిచెప్పి పంపేశాడు.

"కడుపుతో ఉన్నప్పుడు వాసనలు తలకిందులవుతాయిలే. మా ఇంటావిడకి అప్పట్లో సబ్బు వాసన చూస్తే ఆకలేసేది. జాగ్రత్తగా చూడమ్మా."

ఆ జాగ్రత్తే కొంపముంచింది. చిన్నకోడలికి తన ముక్కుమీద తనకే నమ్మకం పోయింది. ఒకసారి చూసే ముక్కని రెండుసార్లు, మూడుసార్లు కాల్చి చూడ్డం మొదలుపెట్టింది. దీపం మీదికి ఇంకా వంగింది. మెల్లగా తీసుకునే ఊపిరిని గుండెలనిండా లాగేది. మొహం చుట్టూ పొగ గూడుకట్టేది.

దబ్బనం పట్టుకుని పెద్దకోడలు అది చూసింది. మధ్యలో ఆగితే మొదటికే మోసం. మళ్ళీ గోడ అవతలికి వెళ్ళింది. ఈసారి గుప్పెడు కాదు, దోసెడు.

రెండో బస్తా కూడా వెనక్కొచ్చిన రోజున షావుకారు చిన్నకోడలితో గట్టిగా కూడా మాట్లాడలేదు. "పురుడు పోసుకుని రా తల్లీ, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఆ పిల్ల పీట దిగి, దీపం ఆర్పి, బుట్టలు వరసగా సర్ది మరీ ఇంటికొచ్చింది. వచ్చి దుప్పటికి ఇవతల, పెద్దకోడలి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

"నా ముక్కే నన్ను మోసం చేసిందక్కా. మైనం లాగే వచ్చింది. ఒట్టు, మైనం లాగే వచ్చింది."

"పోనీలే అమ్మా. ముక్కు ఎక్కడికి పోద్ది. మళ్ళీ వస్తుంది."

పెద్దకోడలు ఆ తల నిమురుతూ కూర్చుంది. తప్పు చేశానని ఒక పక్క, గట్టెక్కించానని ఒక పక్క. ఆ వారమంతా వేడినీళ్ళు కాచి పోసింది, కాళ్ళు పట్టింది, వంట తానే చేసి పక్కన కూర్చుని తినిపించింది. ఇంట్లో ప్లాస్టిక్కు డబ్బాలన్నీ ఏరి మరిది బండిలో వేసేసింది. "వదినకి పిచ్చి ముదిరింది, రేపు నా చెప్పులు కూడా పారేసుద్ది" అని మరిది నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది. చాలాకాలానికి ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

తర్వాత చిన్నకోడలు పక్కవీధిలో ఎవరో తెలిసినావిడ దగ్గర కుట్టుపని నేర్చుకుంటున్నానని పొద్దున్నే వెళ్ళడం మొదలుపెట్టింది. మంచిదే కదా అనుకుంది పెద్దకోడలు. ఒక సాయంత్రం ఆ పిల్ల అలిసిపోయి గోడకి జారబడితే జడ విప్పుదామని దగ్గర కూర్చుంది. జుట్టు పాయలు విడదీసేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆ జుట్టులో మైనం రకం ఉంది. మసి రకం ఉంది. అన్నిటి కిందా పలచగా, గొంతు గీరే పుల్ల రకం కూడా ఉంది.

అడగలేదు. మర్నాడు కుంటుకుంటూ వెనకాలే వెళ్ళింది.

గుళికల మేస్త్రి షెడ్డుకి కిటికీలు లేవు. పైకప్పు రేకు చేతికందేంత కిందికుంది. మిషను నోట్లోంచి కరిగిన ప్లాస్టిక్కు సన్నని తీగలై, ఆవిర్లు కక్కుతూ నీళ్ళ తొట్టిలోకి దిగుతోంది. పొట్టకి గుడ్డ బిగించుకుని, తొట్టి మీదికి వంగి, ఆ తీగల్ని లాగి అవతలి చక్రానికి అందిస్తోంది చిన్నకోడలు. పీట దగ్గర లేచేది గోరంత పొగ. ఇక్కడ షెడ్డంతా పొగే, అందులో మనుషులు ఈదుతున్నట్టున్నారు. వేడిగా ఉన్న మిషను వీపుమీద అన్నం డబ్బాలు వరసగా పేర్చి వెచ్చబెట్టుకుంటున్నారు. చిన్నకోడలి డబ్బా అడుగు మెత్తబడి ఒకపక్కకి ఒరిగింది.

"ముక్కు పోతే పోయింది, చేతులున్నాయిగా అని నేనే పెట్టుకున్నా" అన్నాడు మేస్త్రి, పెద్దకోడల్ని చూసి. "పాపం, అడుగుతూ వచ్చింది."

పెద్దకోడలు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"ఇంటికి పద."

"ఇంట్లో కూర్చుంటే నీ మందులు ఎక్కడ్నుంచి వస్తాయక్కా? ఆయన బండి ఒక్కదాని మీద ఎన్ని లాగుతాడు? పుట్టేదానికి కూడా చూసుకోవాలి కదా. ముక్కు చెడ్డదాన్ని ఇంకెవరు పన్లో పెట్టుకుంటారు?"

పెద్దకోడలు షెడ్డు గోడకి ఆనుకుంది.

"నీ ముక్కు చెడలేదే. ఆ బస్తాల్లో చెప్పుముక్కలు కలిపింది నేను."

చిన్నకోడలు ఆ మాట అర్థంకానట్టు చూసింది. అర్థమయ్యాక మొహంలో ముందు వచ్చింది కోపం కాదు.

"అంటే నా ముక్కు బాగానే ఉందా?"

"బాగుంది. నాకంటే బాగుంది."

ఆ పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత కళ్ళు ఎర్రబడ్డాయి.

"నేను నీ ఒళ్ళో పడి ఏడ్చాను కదక్కా. తల నిమిరావు కదా. అప్పుడు కూడా చెప్పలేదే."

"నువ్వు దిగుతావని చేశానే. ఇందులోకి దిగుతావని అనుకోలేదు."

పెద్దకోడలు అక్కణ్ణుంచి తిన్నగా గోడౌనుకి వెళ్ళి, అందరూ వింటుండగానే షావుకారుకి అదే మాట చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పీట పోతే ఎవరైనా ఏడుస్తారు ముక్కక్కా. బస్తాలో మన్ను పోసేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు."

ఆవిడ డాక్టరు మాట ఎత్తబోయింది. ఎత్తి లాభం లేదని ఊరుకుంది. తోడికోడలి మీద అసూయ అంటే ఎవరికైనా చిటికెలో అర్థమవుతుంది. మిగతాది ఎవరికి కావాలి. చిన్నకోడలికి మళ్ళీ పీట వచ్చింది. షెడ్డు కంటే పీటే నయం కదా అని పెద్దకోడలే ఆ పిల్లకి నచ్చజెప్పి పంపింది. వద్దని తపించిన నోటితోనే వెళ్ళమని చెప్పింది. ఆవిడ్ని మాత్రం ఆ గోడౌను గడప తొక్కనివ్వలేదు. ఆ వీధిలో మిగతా కొట్లవాళ్ళూ అంతే. దబ్బనం కూడా ఎవరూ చేతికివ్వలేదు.

నెలలు నిండుతుండగా డాక్టరమ్మ చిన్నకోడలి రక్తం చూసింది. షుగరు.

"కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుంది, పురుడు అయ్యాక చాలామందికి పోతుంది. భయపడకండి, జాగ్రత్తగా ఉండండి" అంది.

"పొగ వల్లా?" అని పెద్దకోడలు అడిగింది.

"అది నేనెలా చెప్పగలనమ్మా. ఏదైనా కావచ్చు. పొగకి దూరంగా ఉంచగలరా?"

ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరి మందులకి ఆధారం చిన్నకోడలి ముక్కు ఒక్కటే.

పెద్దకోడలు ఆ సాయంత్రం షావుకారు ఇంటికెళ్ళి గడప బయట నిలబడింది.

"ఆ పిల్లని దించి నన్ను కూర్చోబెట్టు అన్నా. నాకింక పోయేదేముంది? రావాల్సిన జబ్బు వచ్చేసింది, పోవాల్సిన వేలు పోయింది. పొగంతా నేనే తాగుతాను. డబ్బు ఆ పిల్ల చేతికే ఇవ్వు, నాకొద్దు."

షావుకారు కళ్ళలో జాలి లేకపోలేదు.

"నీ ముక్కుమీద నాకిప్పటికీ అనుమానం లేదు ముక్కక్కా. నీమీదే. రేపు నువ్వు మైనం అంటే, అది మైనమేనా అని నేనింకొకరిని అడగాలి. అలాంటప్పుడు నువ్వెందుకు?"

ఆవిడ తిరిగి వస్తూ దారిలో రెండుచోట్ల కూర్చోవాల్సి వచ్చింది. ఆ పిల్లకి బదులు ఆ పొగలో కూర్చోగలిగిన మనిషి లోకంలో తనొక్కతే. ఆ దారికి కూడా తన చేతులతోనే మూతి కుట్టేసుకుంది.

ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, బరువుగా, చూసినవాళ్ళు దిష్టి పెట్టేంత పెద్దగా పుట్టింది. షుగరున్న తల్లులకి పిల్లలు అలాగే పుడతారని, ఈ పిల్లని కూడా పెద్దయ్యాక ఒక కంట కనిపెట్టుకుని ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. చాలామందికి పోతుందన్న షుగరు చిన్నకోడలికి పోలేదు. ఇంకోసారి చూశారు, మరోసారి చూశారు. అది ఆ ఒంట్లో కాపరం పెట్టేసింది.

పచ్చి ఒళ్ళు కాస్త ఆరగానే చిన్నకోడలు పీట ఎక్కింది.

పిల్ల పెద్దకోడలి చంకలో పెరుగుతోంది. వీధిలో ఆడవాళ్ళు చూసి, "ఎట్లాగైతేనేం, నీ ఒడి నిండింది" అంటారు. ఆవిడ విననట్టే వెళ్ళిపోతుంది. పాలవేళకి పిల్లని ఎత్తుకుని గోడౌను దాకా నడుస్తుంది. లోపలికి రానివ్వరు కాబట్టి గేటు దగ్గర నీడలేని ఆ ఎండలోనే నిలబడుతుంది. చిన్నకోడలు వచ్చి, కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, మొహం కడుక్కుని, గోడ వార కూర్చుని పిల్లని అందుకుంటుంది. ఒకరితో ఒకరు పెద్దగా మాట్లాడుకోరు.

ఆవేళ పిల్ల తాగి తాగి నిద్రపోయింది. చిన్నకోడలు దాని అరచెయ్యి విప్పి చూసుకుంటూ కూర్చుంది. లోపల్నుంచి ఎవరో పిలిచారు. పిల్లని పెద్దకోడలికి అందిస్తూ, ఆవిడ మొహంలోకి చూడకుండానే అంది.

"రేపు కొంచెం పెందలాడే తీసుకురా అక్కా. పాలు గడ్డకట్టి నెప్పెడుతున్నాయి."

"తెస్తాలే."

"నువ్వు మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా. నువ్వు?"

"వెళ్ళి వేసుకుంటా."

చిన్నకోడలు లోపలికెళ్ళి పీటమీద కూర్చుని దీపం దగ్గరికి లాక్కోవడం గేటు సందుల్లోంచి కనబడింది. గాలి ఇటే వీస్తోంది. పెద్దకోడలు నిద్రపోతున్న పిల్ల మొహాన్ని తన భుజం లోపలికి తిప్పుకుని, కుంటి కాలు ముందుకేసి ఇంటిదారి పట్టింది.